ఎనభై గ్రాముల విజిల్

నెలపాలెం వివరాల గది దినచర్య. రాస్తున్నది గుమస్తా చిదంబరం. ఉద్యోగంలో పదకొండో ఏడు. ఒంట్లో నలత లేదు. పెన్ను కొత్తది.

వెలుగు పక్షం, రెండో రోజు

సూర్యుడు నిన్న పొడిచాడు. చంద్రుడి మీద పగలు కాబట్టి ఇంకో పన్నెండు రోజులు ఎటూ పోడు. పైన పలకల మీద ఎండ దండిగా పడుతోంది కాబట్టి కరెంటుకు కరువు లేదు. సొరంగం వీధుల్లో ఊరంతా బట్టలు ఉతికి ఆరేసుకుంటోంది. రెండు వందల పన్నెండు మంది బట్టలు. కిటికీ తెరిచేసరికి ఎవరిదో లుంగీ నా ముఖానికి తగిలింది.

మొదట వచ్చినవాడు సొరంగాలు తవ్వే పైడిరాజు. పనిముట్ల సంచికి జిప్పు కావాలన్నాడు.

"చెప్పి తీసుకో" అన్నాను.

నా కిటికీ దగ్గర ఏ వస్తువుకైనా ఇదే మాట. అది ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పుట్టిందో చెప్పగలిగితే వెనక గదిలోని మూసయంత్రం పోసి ఇస్తుంది. చెప్పలేకపోతే చదువుకుని రేపు రావాలి. ఊరు కట్టిన కొత్తలో గాలి తలుపు వాల్వు ఎటు తిప్పాలో తెలియక తొమ్మిది మంది ఒకే గదిలో ఒకటిన్నర రోజు ఇరుక్కుపోయారట. కొన్నాళ్లకు పెద్దలు ఈ కిటికీ పెట్టించారు.

పైడిరాజు గొంతు సవరించుకున్నాడు. "ఇటు పళ్లు, అటు పళ్లు. మద్దిన జారేది ఒకటుంటాది. పైకి లాగితే ఆటినీ ఈటినీ కలిపి నొక్కేస్తాది. ఒకదాన్లో ఒకటి దూరిపోతాయి."

"కిందికి లాగితే ఎందుకు విడిపోతాయి?"

"దాని లోపల మొన ఉంటాది బాబూ. పళ్ల మద్దిన దూరి సీల్సుకుంటూ పోతాది."

"పుట్టుక?"

"భూమ్మీద. ముందల బూట్లకెట్టినారు."

జిప్పు ఇచ్చాను. వెళ్తూ వెళ్తూ నా కిటికీ పైకి చూసి, "బోర్డు కొత్తదా?" అన్నాడు. కొత్తదే. "వివరాల గది" అని పెద్ద పెద్ద ఉక్కు అక్షరాలు. ఎవరైనా అడుగుతారా అని పొద్దుటి నుంచి ఎదురుచూస్తున్నాను. అడిగాడు కాబట్టి పైడిరాజు మంచివాడు.

నిన్న చేసిన అసలు పని ఇంకొకటుంది. ఉమ్మడి వంటింట్లో ఆరు పెద్ద కుక్కర్లున్నాయి. వాటి మూత మీద గొట్టానికి పెట్టే విజిళ్లు చూస్తే నాకు ఎప్పుడూ ఒళ్లు మండేది. నల్లగా, పైన ఎద్దు మూపురంలా ఉబ్బి, ఒక్కొక్కటీ రూళ్లకర్ర దెబ్బ తిన్న ముఖంలా ఉండేవి. మొన్న తెప్పించి రెండు పళ్లేల త్రాసులో తూచాను. ఒక్కోటి నాలుగు వందల ఎనభై గ్రాములు! మా వివరాల పుస్తకంలో కుక్కర్ విజిల్ అంటే ఎనభై గ్రాములని స్పష్టంగా ఉంది. ఎవరో చదువు రానివాళ్లు తోచినంత లోహం పోసి పడేశారు. నలభై ఏళ్లుగా ఎవరూ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. ఆరింటినీ కరిగించి, పుస్తకంలో ఉన్న కొలతలకు అచ్చంగా ఆరు కొత్త విజిళ్లు పోయించాను. ఇక్కడ గుప్పెడు లోహమైనా ఎక్కడి నుంచీ ఊడిపడదు. మూసలో ఎంత వేస్తే అంతే బయటికి వస్తుంది. అందువల్ల రెండు కిలోల నాలుగు వందల గ్రాములు మిగిలింది. దాంతోనే బోర్డు.

బోర్డు కోసం కిటికీకి అవతల ఎవరూ నిలబడలేదు. నన్ను నేనే అడిగి, నాకు నేనే చెప్పి, బాగుందని ఒప్పుకున్నాను.

మూడో రోజు

వంటింటి పెద్ద తవిటమ్మ వచ్చింది. అరవై దాటాయి, గరిటె పట్టుకోకుండా ఆమెను నేను చూడలేదు. కొత్త విజిల్‌ను అరచేతిలో పెట్టుకుని ఎగరేస్తూ నిలబడింది.

"ఇది తేలిగ్గా ఉంది బాబూ."

"పుస్తకంలో ఉన్నంతే ఉందమ్మా."

"పాతది సేతిలో ఎడితే సెయ్యి కిందకి దిగేది. ఇది కూకోదు."

"ఎందుకు కూర్చోదో చెప్పండి, రాసుకుంటాను" అన్నాను, పెన్ను తీసి.

ఆమె విజిల్‌ను ఇంకోసారి ఎగరేసింది. "ఎందుకంటే ఏటి సెప్పను? సేతికి తెలస్తంది."

చేతికి తెలిసినది రాసుకునే గడి నా పుస్తకంలో లేదు. ఆ సంగతే మర్యాదగా చెప్పాను. ఆమె కూడా మర్యాదగానే వెళ్లిపోయింది. పాత విజిళ్లు ఏం చేశానని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఐదో రోజు

పప్పు ఉడకలేదు.

నిన్నా ఉడకలేదు గానీ కందులు ముదిరాయేమోననుకుని ఊరుకున్నారు. ఈ రోజు కొత్త కందులు. తవిటమ్మ ఎప్పటిలాగే నాలుగు విజిళ్లు లెక్కపెట్టి దించింది. పప్పు పళ్ల కింద గులకరాళ్లలా పటపటలాడింది. నీళ్లు ఒక పక్క, పప్పు ఒక పక్క. మధ్యలో ఒంటరిగా ఒక మిరపకాయ. పైడిరాజు ఒక బద్దను తీసి బల్ల మీద వేశాడు. అది ఎగిరి పక్క బల్ల మీద పడింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఇక్కడ మా గాలి పల్చన. మామూలు గిన్నెలో నీళ్లు గబుక్కున మరుగుతాయి గానీ పప్పును మెత్తబరిచేంత వేడి వాటికి రాదు. కుక్కరే దిక్కు. ఆవిరిని లోపలే బంధించి ఒత్తిడి పెంచితే నీళ్లు ఇంకా కాగుతాయి, పప్పు దిగొస్తుంది. ఒత్తిడి హద్దు దాటినప్పుడు విజిల్ లేచి కాస్త ఆవిరి వదిలి మళ్లీ కూర్చుంటుంది. పుట్టుక కూడా నాకు నోటికి వచ్చు. ఎముకలు సైతం మెత్తబడేలా వండాలని ఫ్రాన్సు దేశపు వైద్యుడొకాయన గట్టి మూత పాత్ర చేశాడు. మొదట్లో అవి పేలేవి. అందుకని బరువు పెట్టిన వాల్వు కనిపెట్టాడు. ఇంత తెలిసినవాడి ఊళ్లో పప్పు ఉడకకపోవడమేమిటి?

ఏడో రోజు

చంద్రుడి మీద వాన కురిసింది.

అతిశయోక్తి కాదు. కొత్త విజిళ్లు పొయ్యి మీద పెట్టిన రెండు నిమిషాలకే ఈల మొదలుపెట్టి ఆపడం లేదు. నాలుగు ఈలలకు ఉడకదు కాబట్టి తవిటమ్మ నలభై దాకా ఉంచుతోంది. ఆ ఆవిరంతా వంటింటి సొరంగంలోకి వెళ్లి చల్లని పైకప్పుకు పట్టి బొట్టు బొట్టుగా కారుతోంది. మా ఊళ్లో బొట్టు కూడా తీరిగ్గా దిగుతుంది. తల ఎత్తి చూసి తప్పుకునే వ్యవధి ఉంటుంది. తప్పుకున్న చోట ఇంకో బొట్టు పడుతుంది.

బడి పంతులమ్మ సోమిదేవమ్మ గారు తడిసిన జుట్టుతో కిటికీ ముందు నిలబడ్డారు. ఆవిడ నాకు అక్షరాలు నేర్పారు.

"గొడుగు కావాలి చిదంబరం."

పదకొండేళ్లలో గొడుగు అడిగినవాళ్లు లేరు. ఉత్సాహం ఆగలేదు. "చెప్పి తీసుకోండి మేడమ్!"

"మధ్యన కర్ర. కర్ర మీద జారే ఉంగరం. ఉంగరానికి చిన్న పుల్లలు, వాటికి పెద్ద పుల్లలు, వాటి మీద గుడ్డ. ఉంగరాన్ని పైకి తోస్తే చిన్న పుల్లలు పెద్ద పుల్లల్ని పక్కలకు తంతాయి, గుడ్డ బిగుస్తుంది. మీట అడ్డుపడి ఉంగరాన్ని కిందికి రానివ్వదు. పుట్టుక భూమి. ముందు ఎండకు, తర్వాత వానకు. ఇప్పుడు నీ విజిళ్లకు."

చివరి మాట నేను రాసుకోలేదు.

మధ్యాహ్నం కరెంటు పెద్ద గురునాథం గారు వంటింట్లో అందరినీ కూర్చోబెట్టారు. ఆయన అరవరు. అరవకపోవడమే భయం.

"తవిటమ్మా, పూటకు తొమ్మిది యూనిట్లతో వండేదానివి. ఇప్పుడు ముప్పై ఒకటి అవుతోంది. ఎండ ఉంది కాబట్టి చెల్లిపోతోంది. చీకటి పక్షం వస్తే నేను ఇవ్వగలిగింది తొమ్మిదే. పద్నాలుగో రోజు లోపల తొమ్మిదితో పప్పు ఉడికిందా, సరే. లేదా, వంటిల్లు మూసేసి అందరికీ నాచుముద్ద ఇస్తాం. ఒకసారి మూస్తే మళ్లీ తెరవడానికి కారణం నాకు కనబడదు."

నాచుముద్ద తొట్టెల్లో పెరుగుతుంది, ఆకుపచ్చగా ఉంటుంది, తడి గుడ్డ రుచి. బలమని అంటారు.

"మరి నాను?" అంది తవిటమ్మ.

"నాచు తొట్టెలు కలియబెట్టే పని ఉందమ్మా."

ముప్పై ఎనిమిదేళ్లుగా ఈ ఊరికి అన్నం పెడుతున్న మనిషి గరిటెను కొంగుతో తుడిచి గోడకు తగిలించింది.

ఎనిమిదో రోజు

కిటికీ మూసి వంటింట్లోనే కూర్చున్నాను. రబ్బరు చుట్టు చూశాను, పగుళ్లు లేవు. మూత అంచులు సరిగానే ఉన్నాయి. గొట్టంలో దారం పోనిచ్చి చూశాను, అడ్డేమీ లేదు. ఆరు విజిళ్లనూ మళ్లీ తూచాను. త్రాసు ముల్లు నిటారుగా నిలబడింది. ఎనభై, ఎనభై, ఎనభై. వెంట్రుకవాసి తేడా లేదు.

తవిటమ్మ నా పని అంతా చూసింది. "బాబూ, దీని మీద ఇంకేటైనా బరువెట్టి సూద్దునా? ఒక ఇనప నట్టు?"

"వద్దు!" అని దాదాపు కేకేశాను. "ఆవిరి పాత్ర మీద చెప్పలేని వస్తువు పెట్టకూడదు. మొదటి నియమం అది. పేలితే?"

"పాతయి అంతంత బరువుండీ పేలనేదు కదా?"

పుస్తకం తెరిచి ఎనభై గ్రాములని ఉన్న పేజీ చూపించాను. ఆమె పేజీ వైపు చూడలేదు, నా వైపు చూసింది.

"పోనీ, ఆ పాతయి ఇచ్చేయి. మల్లీ ఎట్టుకుంటాను."

"వెతకాలి" అన్నాను.

అబద్ధం. వాటి కిందే రోజూ కూర్చుంటున్నాను. ఇది దినచర్య కాబట్టి రాస్తున్నాను, నోటితో చెప్పడానికి ధైర్యం చాల్లేదు. భోజనాల దగ్గర తవిటమ్మ అందరికీ రెండో గరిటె వేసింది. నా దగ్గరికి వచ్చేసరికి గిన్నె ఖాళీ అంది. గిన్నె ఖాళీ కాదు, నేను చూశాను.

పదో రోజు

భూమి నుంచి మొన్న దిగిన గాలి గొట్టాల ఇంజనీరు వచ్చింది. పేరు భ్రమరాంబ, తణుకు వైపు మనిషి. ఇంకా మా నేల మీద నడవడం రాలేదు. అడుగు వేస్తే గంతు పడుతోంది. కిటికీ దాటి ముందుకెళ్లిపోయి, గోడ పట్టుకుని వెనక్కి వచ్చింది. చేతిలో కొక్కెం ఉన్న చిన్న త్రాసు, సామాను తగిలించి ఎత్తి తూచేది.

"ఏవండీ, ఇది పాడైపోయిందండి. బాగుచేస్తారేమోనని తెచ్చాను."

"ఏమైంది?"

"ఇంటి దగ్గర నా పెట్టె ఇరవై నాలుగు కిలోలు చూపించిందండి. ఇక్కడ నాలుగంటోందండి! దారిలో ఎవరో కొట్టేశారనుకుని పెట్టంతా బోర్లించి లెక్కెట్టుకున్నానండి. ఒక్క జాకెట్టు కూడా పోలేదు."

"ఇక్కడ బరువు తగ్గుతుందని చెప్పలేదా మీకు?"

"చెప్పారండి. మనుషులకనుకున్నాను. ఆవకాయకి కూడానా?"

నవ్వి, త్రాసు మూత విప్పాను. లోపల స్ప్రింగు, దానికో ముల్లు. లాగిన కొద్దీ స్ప్రింగు సాగుతుంది, సాగిన కొద్దీ ముల్లు దిగుతుంది. తుప్పు లేదు, వంకర లేదు. ఆవిడ ఆవకాయ జాడీ తెమ్మన్నాను. చీటీ మీద మూడు కిలోలని రాసి ఉంది. కొక్కేనికి తగిలించాను. అర కిలో. నా రెండు పళ్లేల త్రాసులో పెట్టాను. మూడు కిలోలు.

మళ్లీ తగిలించాను. అర కిలో. మళ్లీ పళ్లెంలో. మూడు.

"రెంటిలో ఏది అబద్ధమాడుతోందండి?" అంది భ్రమరాంబ.

"ఏదీ కాదు" అన్నాను. అనేసి అలాగే ఉండిపోయాను.

పళ్లేల త్రాసులో ఒక పక్క జాడీ, ఇంకో పక్క రాళ్లు. మా నేల జాడీని తక్కువ లాగుతుంది, రాళ్లనూ అంతే తక్కువ లాగుతుంది. ముల్లు మధ్యలోనే నిలబడుతుంది. ఎక్కడికి మోసుకెళ్లినా ఆ త్రాసు ఒకటే చెబుతుంది. స్ప్రింగుకు అవతలి పక్క తోడు లేదు. నేల ఎంత లాగితే అంతే చెబుతుంది. భూమి లాగేదాంట్లో ఇక్కడ ఆరో వంతు.

మరి విజిల్? ఆవిరిని ఆపేది విజిల్‌లో ఉన్న గ్రాములు కాదు. ఆ గ్రాములను నేల కిందికి లాగే లాగుడు. మా ఎనభై గ్రాముల విజిల్‌కు ఇక్కడ పద్నాలుగు గ్రాముల సత్తువ కూడా లేదు. ఆవిరి కాస్త ఊదగానే లేచిపోతుంది. ఇక ఒత్తిడి ఎక్కడిది, పప్పు ఉడకడమెక్కడిది? భూమ్మీది సత్తువ రావాలంటే ఆరింతలు పెట్టాలి. ఎనభై ఆర్లు...

ఈ లెక్క నాకు తెలియక కాదు. బళ్లో సోమిదేవమ్మ గారి దగ్గర ఆరో వంతు గురించి పద్యంలా వల్లించాను. కానీ వల్లించిన ఆరో వంతు ఒక పేజీలో ఉండిపోయింది, విజిల్ ఇంకో పేజీలో. రెండు పేజీలనూ కలిపి తెరవాలని నాకు తోచలేదు.

నాలుగు వందల ఎనభై. ఆ ముద్దలను చదువు రానివాళ్లు పోశారని రెండో రోజు పేజీలో నా చేత్తోనే రాశాను.

"బాగవుతుందాండి?" అంది భ్రమరాంబ.

"మీ త్రాసు బాగానే ఉందమ్మా. పాడైంది నేను."

ఆవిడ పాపం ఏమీ అర్థం కాక, నాకు కాస్త ఆవకాయ పెట్టి వెళ్లింది.

పదకొండో రోజు

పొద్దున్నే వంటింటికి వెళ్లాను. దారిలో మూడుసార్లు వెనక్కి తిరిగాను. తవిటమ్మ కందిపప్పు ఏరుతోంది.

"అమ్మా, పాత విజిళ్లు లేవు. నేనే కరిగించాను. నా కిటికీ మీద బోర్డు చేయించుకున్నాను. మొన్న వెతకాలన్నది అబద్ధం."

పప్పు ఏరే చెయ్యి ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ బోర్డు ఊరంతా సూసినాది బాబూ" అంది చివరికి. "ఇనుము ఎక్కడి నుంచొచ్చిందా అని నానూ అనుకున్నాను. నువ్వే సెప్తావని సూస్తన్నాను."

సిగ్గుతో చచ్చిపోయాను. కాసేపు ఇద్దరం పప్పు ఏరాం. తర్వాత స్ప్రింగు త్రాసు సంగతి, ఆవకాయ సంగతి చెప్పాను. ఆవకాయ దగ్గర ఆమె నవ్వేసింది.

"అయితే సేతికి తేలిగ్గా ఉందని నాను సెప్పింది నిజివేనా?"

"అక్షరాలా నిజం."

"మరింకేటి, పోయించు."

"ఉత్తినే పోయకూడదమ్మా. చెప్పి తీసుకోవాలి. ఈసారి అడిగేది నేను. కాబట్టి కిటికీలో నా కుర్చీలో ఇంకెవరైనా కూర్చోవాలి."

తవిటమ్మ చేతులు దులుపుకుని లేచింది. "కుర్సీ మెత్తగుంటాదా?"

పన్నెండో రోజు

నా ఉద్యోగ జీవితంలో మొదటిసారి కిటికీకి అవతల నిలబడ్డాను. అటు నుంచి చూస్తే కిటికీ ఇంత ఎత్తుగా ఉంటుందని తెలియదు. తవిటమ్మ నా కుర్చీలో, నా పుస్తకం తెరిచి, నా పెన్ను చేత్తో పట్టుకుని కూర్చుంది. వెనకాల పైడిరాజు, గొడుగుతో సోమిదేవమ్మ గారు, గోడ పట్టుకుని భ్రమరాంబ. గురునాథం గారు కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏటి కావాల?" అంది తవిటమ్మ.

"ఆరు కుక్కర్ విజిళ్లు. ఒక్కోటి నాలుగు వందల ఎనభై గ్రాములు."

"సెప్పి తీసుకో."

చెప్పాను. ఆవిరి సంగతి, గొట్టం సంగతి, బరువు లేచి కూర్చునే సంగతి.

"ఎందుకంత బరువు?"

"ఇక్కడి నేల తక్కువ లాగుతుంది కాబట్టి. ఆరో వంతే లాగుతుంది కాబట్టి ఆరింతలు పెట్టాలి."

"పేలితే?"

"పేలదమ్మా. భూమ్మీద కుక్కర్ ఎంత ఒత్తిడి మోసేదో ఇప్పుడూ అంతే మోస్తుంది. పాతవి నలభై ఏళ్లు అలాగే పనిచేశాయి."

"ఆ పాతయి ఏటైనాయి?"

ఇది ఆమెకు తెలిసిన సంగతే. ఊరి ముందు నా చేత చెప్పించాలని అడిగింది. చెప్పాను. కరిగించానని, బోర్డు చేసుకున్నానని, అడిగితే వెతకాలన్నానని. గురునాథం గారు తల పైకెత్తి బోర్డు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు. పైడిరాజు మాత్రం, "అచ్చరాలు బాగున్నాయి గాని" అని గొణిగాడు. మంచివాడని చెప్పాను కదా.

"పుట్టుక?" అంది తవిటమ్మ.

నోరు తెరిచాను. ఫ్రాన్సు వైద్యుడి పేరు నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆయన చేసింది భూమి విజిల్. ఈ ముద్ద విజిల్ ఎవరిది?

"తెలియదమ్మా."

"నానెరుగుదును." ఆమె పెన్ను కింద పెట్టింది. "మా అత్త అప్పలనరసమ్మ. ఊరెట్టిన మొదటేడు. అప్పటికి ఈ కిటికీ నేదు. బూమి నుంచి తెచ్చిన కుక్కర్లో పప్పు ఉడక్క అందరూ ఏడుస్తంటే, గాలి తలుపు నట్టు ఒకటి తెచ్చి విజిల్ నెత్తినెట్టింది. సాల్నేదు. ఇంకోటెట్టింది. అలగ పెట్టుకుంటూ పెట్టుకుంటూ, నాలుగు విజిళ్లకి పప్పు మెత్తబడ్డాక ఆపింది. ఆ బరువుకి ముద్దలు పోయించింది. తరవాత కిటికీ వొచ్చినాక రాసుకోమని ఎల్లింది. ఎందుకో సెప్పమన్నారు. సెప్పనేకపోనాది. రాయనేదు."

భూమి మీది నుంచి వచ్చిన లెక్కేదీ చేతిలో లేకుండా, నట్టు మీద నట్టు పెట్టుకుంటూ ఆరింతల దగ్గర సరిగ్గా ఆగిన ఆ మనిషిని తలుచుకుంటే నాకు కళ్లు చెమర్చాయి. బోర్డు చేయించుకున్న రోజున నేనెంత పొంగిపోయానో కూడా గుర్తొచ్చింది.

"సెప్పినాడు. ఇచ్చేయొచ్చా?" అని తవిటమ్మ అందరినీ అడిగింది. అందరూ తలూపారు. "మరి ఇనుము?"

నిచ్చెన నేనే తెచ్చుకున్నాను. నాలుగు మేకులు ఊడదీసి బోర్డు దించాను. బోర్డు రెండు కిలోల నాలుగు వందలు, చిన్న విజిళ్లు ఆరూ కలిపి నాలుగు వందల ఎనభై. మూసలో వేస్తే ఆరు ముద్దలకు చాలినంత వచ్చింది, చెంచాడు కూడా మిగల్లేదు.

పద్నాలుగో రోజు

పలకల మీద ఎండ పలుచబడుతోంది. గురునాథం గారు మీటరు పట్టుకుని పొయ్యి పక్కన పీట వేసుకున్నారు. ఊళ్లో పనిలేని వాళ్లంతా వంటింట్లోనే ఉన్నారు. పని ఉన్నవాళ్లు కూడా.

తవిటమ్మ కొత్త విజిల్‌ను అరచేతిలో పెట్టి చూసుకుంది. చెయ్యి కిందికి దిగింది. నవ్వింది. గొట్టం మీద పెట్టింది.

ఐదు నిమిషాలు. ఏమీ లేదు. పది నిమిషాలు. ఏమీ లేదు. మొన్నటి దాకా రెండు నిమిషాలకే మోత మోగిపోయేది. ఇప్పుడు చప్పుడు లేకపోయేసరికి నేను మీటరు వైపు చూశాను. పన్నెండో నిమిషంలో విజిల్ ఒకసారి కదిలింది, సర్దుకుంది, తర్వాత నిండు గొంతుతో ఒక్క ఈల వేసి కూర్చుంది. మళ్లీ మౌనం.

"ఒకటీ!" అన్నాడు పైడిరాజు.

"రెండు" అన్నప్పుడు అందరూ అన్నారు. "మూడు" వంటింటి బయటి సొరంగంలోంచి వినిపించింది. "నాలుగు" అన్నది ఊరు మొత్తం.

ఆవిరి తగ్గేదాకా తవిటమ్మ ఎవరినీ మూత ముట్టుకోనివ్వలేదు. తెరిచాక గరిటెతో ఒక్కసారి తిప్పింది. పప్పు బద్ద అన్నది కనబడలేదు. గురునాథం గారు మీటరు చూశారు. "ఎనిమిదిన్నర" అన్నారు. అని ఊరుకోకుండా కంచం అందుకున్నారు.

చీకటి పక్షం, మొదటి రోజు

సూర్యుడు వెళ్లిపోయాడు. దీపాలు సగం చేశారు. వంటిల్లు తెరిచే ఉంది. సొరంగంలో వాన ఆగిపోయింది కాబట్టి సోమిదేవమ్మ గారు గొడుగు తిరిగి ఇస్తానన్నారు. ఉంచుకోండి, చెప్పి తీసుకున్నారు కదా అన్నాను.

కిటికీ పైన బోర్డు లేదు, నాలుగు కన్నాలున్నాయి. ఎవరూ దారి తప్పలేదు. భ్రమరాంబ సైతం వచ్చింది, పిన్నీసు కావాలట. పిన్నీసులో తీగ చుట్ట స్ప్రింగులా పనిచేస్తుందని చక్కగా చెప్పింది. ఈసారి కిటికీ దాటి పోలేదు.

ఈ రోజు వివరాల పుస్తకంలో పని చేశాను. అందులో పదకొండు వందల నలభై వస్తువులున్నాయి. అన్నింటికీ పుట్టుక గడిలో రాసినది భూమి. నేను పదకొండు వందల నలభై ఒకటో వస్తువు రాశాను. పేరు: కుక్కర్ విజిల్, నాలుగు వందల ఎనభై గ్రాములు. పని తీరు దగ్గర నా వాక్యం కొట్టేసి తవిటమ్మను అడిగాను. ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. "నేల తక్కువ లాగుతాది. అందుకని మనం ఎక్కువ ఎట్టాల." పుట్టుక: నెలపాలెం, మొదటి సంవత్సరం. అప్పలనరసమ్మ, ఉమ్మడి వంటిల్లు.

పేజీకి కొత్త గడి కూడా ఒకటి గీశాను. దాని పేరు "చేతికి తెలిసినది". పాత వస్తువులన్నింటికీ అది నింపాలంటే ఊళ్లో అందరినీ అడగాలి. చాలా ఏళ్ల పని. సంతోషంగా ఉంది.

మధ్యాహ్నం కిటికీ మూసి భోజనానికి వెళ్లాను. తవిటమ్మ రెండో గరిటె అడగకుండానే వేసింది.